నవ్విస్తే మార్కులు తగ్గించాలా?

అందరికీ నమస్కారం. బెజవాడలో సినిమా గురించి మాట్లాడాలంటే కొంచెం టెన్షనే. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల దగ్గర టీ తాగే మనిషి కూడా మొదటి ఆట అవ్వగానే సినిమా జాతకం చెప్పేస్తాడు మరి. ఆడుతుందా లేదా అనేటప్పుడు మనకి ఏ రకం సినిమా అయినా ఒకటే. 'గొప్ప సినిమా' అనే మాట వచ్చేసరికి మాత్రం గొంతు మారిపోతుంది. సంగీతం, త్యాగం, కన్నీళ్లు ఉంటే గొప్పది, నవ్వించిందంటే 'టైంపాస్ అండీ'.

జంధ్యాల గారినే తీసుకోండి. 1980లో వచ్చిన శంకరాభరణానికి మాటలు రాసింది ఆయనే, 1987లో అహ నా పెళ్ళంట తీసిందీ ఆయనే. మొదటిదాన్ని క్లాసిక్ కాదనేవాడు మన ఊళ్లో దొరకడు, రెండోదాన్ని సీన్లు సీన్లుగా అప్పజెప్పేవాళ్లే 'అది కామెడీ కదా' అని పక్కన పెట్టేస్తారు. కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే లక్ష్మీపతి ఉన్నాడే, కోట శ్రీనివాసరావు గారు అక్కడ నవ్వించాలని చూడనే చూడరు, ఆ పిసినారికి అది నిజంగానే కోడికూర భోజనం. ఏడుపు సీనుకి వయొలిన్లు సాయం వస్తాయి. జోకు అర సెకను ఆలస్యమైతే ఎవరూ కాపాడలేరు.

అలాగని జానర్‌ని, అంటే అది ఏ రకం సినిమా అన్నదాన్ని, పట్టించుకోవద్దని కాదు. దేన్ని కొలవాలో అదే చెబుతుంది. శివలో సైకిల్ చైను లాగినప్పుడు ఒళ్లు జలదరించిందా లేదా చూస్తాం, రాగాలు వెతకం. (వర్మ గారు చదివింది మన సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలోనే, ఇది చెప్పకపోతే మీరు ఊరుకోరు.) కానీ కొలిచాక పీట ఎంత ఎత్తున వెయ్యాలో జానర్ చెప్పకూడదు. ఈ జబ్బు మనదొక్కరిదే కాదులెండి, థ్రిల్లర్ల హిచ్‌కాక్‌కి ఉత్తమ దర్శకుడి ఆస్కార్ ఒక్కసారి కూడా రాలేదు.

మరి 1957 నాటి మాయాబజార్ సంగతి? అందరం నెత్తిన పెట్టుకుంటాం, కానీ అందులో సగం కామెడీయే. పౌరాణికం అనే బోర్డు ఉంది కాబట్టి ఆ నవ్వులకి మాఫీ దొరికిందని నా అనుమానం. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి గారు మీసం లేని మీసం మెలేసినట్టు నడుస్తుంటే అది కామెడీ నటన కాక ఇంకేంటి? ఆవిడ ఏడ్చిన ఏ సినిమా పక్కన పెట్టినా అది తగ్గదు. కాదనేవాళ్లు ఇప్పుడే చెయ్యెత్తండి, మైకు మీ దగ్గరికి పంపిస్తా.