నా జ్వరం గురించి

సభకు నమస్కారం. ఈ ఎండల్లో ఇంతమంది తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని కడప బ్రౌన్ గ్రంథాలయానికి రావడమే పెద్ద సంగతి కాబట్టి, వేదిక మీది పెద్దలందరికీ ఒక్కసారే నమస్కరించి విషయంలోకి వస్తాను. రోగనిరోధక వ్యవస్థకూ, మాటలోనూ నలుగురితో మెలగడంలోనూ తేడా తెచ్చే ఆటిజానికీ గల సంబంధం గురించి చెప్పమన్నారు. ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పేదాన్ని. ఆటిజం ఉన్న పదిహేడేళ్ల అబ్బాయికి తల్లిని.

వాడు కడుపులో ఉండగా మూడో నెలలో నాకు ఐదు రోజులు జ్వరం కాసింది. మూడేళ్లు నిండినా వాడికి మాటలు రాకపోయేసరికి ఒక వైద్యునికి చూపించాము. ఆయన తలెత్తకుండానే "కడుపుతో ఉన్నప్పుడు జ్వరం వచ్చిందా?" అని అడిగి, నా జవాబు రాసుకుని, ఇంకేమీ చెప్పకుండా కాగితం తిప్పేశారు. ఆనాటి నుంచి మా ఇంట్లో నా మీద విచారణ ఆగలేదు. "వానలో తడవద్దంటే విన్నదా?" అని మా అత్తగారు చుట్టాలతో నేటికీ అంటారు.

ఆ వైద్యుని ప్రశ్న తప్పు కాదు. 1964లో అమెరికాలో రుబెల్లా అనే దద్దుర్ల జ్వరం ప్రబలినప్పుడు గర్భంలోనే ఆ వైరస్ సోకిన 243 మంది పిల్లలను స్టెల్లా చెస్ అనే మనోవైద్యురాలు పరిశీలించి, వారిలో ఆటిజం మామూలు కంటే ఎంతో ఎక్కువగా ఉందని 1971లో ప్రకటించారు. తరువాత కాలిఫోర్నియాలో పాల్ ప్యాటర్సన్ బృందం, చూలు ఎలుకలకు ఏ వైరస్‌నూ ఎక్కించకుండా, రోగనిరోధక వ్యవస్థ తనంతట తాను విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రొటీన్‌ను ఒక్కసారి ఇచ్చినా వాటికి పుట్టే పిల్లల ప్రవర్తన మారుతుందని 2007లో చూపించింది. అంటే తల్లి ఒళ్లు సూక్ష్మజీవితో చేసే పోరాటమే పిండం మెదడును తాకవచ్చు. కానీ ఎలుక మనిషి కాదు. గర్భిణిగా జ్వరపడిన తల్లుల్లో అత్యధికుల పిల్లలకు ఆటిజం రాదు. ఆటిజంలో జన్యువుల పాలే పెద్దది. అమ్మా, ఆ వెనుక వరుసలో బిడ్డ చెవులు మూసి కూర్చున్న తల్లీ, ఈ మాట మీ కోసమే రెండోసారి చెబుతున్నాను: అత్యధికుల పిల్లలకు రాదు.

వాడికి ఏడేళ్లప్పుడు నూటరెండు డిగ్రీల జ్వరం వచ్చింది. ఎన్నడూ ఒళ్లో కూర్చోనివాడు ఆ రాత్రి నా చీర కుచ్చెళ్లు పట్టుకుని, నా కళ్లలోకి చూస్తూ, "అమ్మా, నీళ్లు" అన్నాడు. చెంబు అందించేసరికి నా చేతులు వణికాయి. జ్వరం తగ్గింది, ఆ చూపూ పోయింది. బిడ్డ జ్వరం తగ్గినందుకు ఏడ్చిన తల్లిని నేను. జ్వరంలో ఆటిజం ఉన్న కొందరు పిల్లల చిరాకు, చేసిందే చేయడం తగ్గుతాయని 2007లో ముప్పైమందిని గమనించిన ఒక అధ్యయనంలో చదివాకనే, అది నా భ్రమ కాదని నమ్మాను. ఈ సంబంధాన్ని ఇంకా పరిశోధిస్తున్నారు. అందుచేత రోగనిరోధక శక్తిని సరిచేస్తామంటూ వేలకు వేలు గుంజి పొడులు అమ్మేవారిని నమ్మవద్దు; నేను నమ్మి, మెడలోని గొలుసు తాకట్టు పెట్టాను.

ఇక టీకాల మాట. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలు రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ అనే వైద్య పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లలను పరిశీలించి, ఆ టీకాతో ఆటిజం ముప్పు పెరగదని 2019లో తేల్చారు. పైగా ఇందాక చెప్పిన రుబెల్లాను ఆపేది ఆ టీకాయే. మీ ఇళ్లలో తొమ్మిది నెలలు నిండిన పసివారుంటే, మా పిల్లలను చూసి భయపడి ఆ సూది మానుకోవద్దు.

డాక్టర్లు కూడా కొందరు ఈ సభలో ఉన్నారు. తల్లిని జ్వరం గురించి అడగండి. అడిగాక తలెత్తి, ఎందుకు అడిగారో ఆమెకూ, పక్కన కూర్చున్న ఆమె అత్తకూ, భర్తకూ కలిపి చెప్పండి.