క్వాంటం కంప్యూటింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక పెయిడ్ కోర్సు, ఒక ఉచిత కోర్సు: నా రివ్యూ

నమస్కారం. ఒక శిక్షణ సంస్థ తన క్వాంటం కంప్యూటింగ్ కోర్సును నాకు ఉచితంగా ఇచ్చి రివ్యూ చేయమని కోరింది; డబ్బు ఇవ్వలేదు, ఏం చెప్పాలో నిర్దేశించనూ లేదు. పాఠాలెన్ని, ఫీజు ఎంత అన్నవి మీరు ప్రకటనల్లో చూసే ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను.

నన్ను బాధించిన విషయం మాత్రం చెప్పి తీరాలి. మొదటి పాఠంలో ఇచ్చిన కిస్కిట్ (క్వాంటం ప్రోగ్రాములు రాసేందుకు ఐబీఎం రూపొందించిన ఉచిత సాఫ్ట్‌వేర్) కోడ్‌ను ఉన్నదున్నట్టు టైప్ చేసినా నడవలేదు, ఎందుకంటే అందులో వాడిన ‘ఎగ్జిక్యూట్’ ఫంక్షన్‌ను 2024 ఫిబ్రవరిలో వచ్చిన కిస్కిట్ 1.0లోనే తొలగించారు. అనుభవమున్నవారు దాన్ని సరిచేసుకోగలరు గానీ, కొత్తవారు తప్పు తమదేనని భావించి అక్కడే ఆగిపోతారు. అమరావతి క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్ల (క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్‌లో బిట్ లాంటిది) ఐబీఎం యంత్రాన్ని నెలకొల్పుతామని 2025లో ప్రకటించినప్పటి నుంచి ఎందరో విద్యార్థులు ఎక్కడ మొదలుపెట్టాలని నన్ను అడుగుతున్నారు. వారి చేతికి పాతబడిన కోడ్ ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

నేను వారికి చెప్పేది క్వాంటం కంప్యూటింగ్ పరిశోధకుడు జాన్ వాట్రస్ పాఠాల గురించి. ఇవి ఐబీఎం క్వాంటం లెర్నింగ్‌లోనూ, కిస్కిట్ యూట్యూబ్ చానల్‌లోనూ ఉచితంగా ఉన్నాయి. ఆయన క్వాంటంతో మొదలుపెట్టరు. మామూలు బిట్‌తో, సంభావ్యతతో మొదలుపెడతారు. నాణెం బొమ్మా బొరుసుల సంభావ్యతలను ఒక నిలువు వరుసగా రాసి, దానిపై జరిగే ప్రతి మార్పునూ మాత్రికా గుణకారంగా చూపిస్తారు. ఆ తర్వాతే ఆ వరుసలో రుణ సంఖ్యలు, సంకీర్ణ సంఖ్యలు కూడా ఉండవచ్చని, వాటి పరిమాణాల వర్గాల మొత్తం 1 కావాలని చెబుతారు. ఇంటర్ ఎంపీసీ లెక్కలు వచ్చినవారికి ఇందులో కొత్తగా అనిపించేది ఆ ఒక్క మెట్టే. ఒకప్పుడు నేను పీజీ స్థాయి పాఠ్యపుస్తకంతో మొదలుపెట్టి, మొదటి అధ్యాయం దాటలేక నెలల తరబడి మథనపడ్డాను. ఈ పాఠాలు అప్పుడే దొరికి ఉంటే ఆ కాలం మిగిలేది.

దీనితోపాటు బ్రౌజర్‌లో నడిచే ‘క్వర్క్’ అనే ఉచిత సిమ్యులేటర్‌ను తెరిచి ఉంచుకోండి. 0 స్థితిలో ఉన్న క్యూబిట్‌పై ఒక హెచ్ (హాడమార్డ్) గేట్, అంటే క్యూబిట్ స్థితిని మార్చే ఒక చర్య, పెడితే కొలిచినప్పుడు 0, 1 సగం సగం వస్తాయి. అలాంటి గేటే మరొకటి పెడితే క్యూబిట్ మళ్లీ కచ్చితంగా 0 అవుతుంది. నాణేన్ని రెండోసారి ఎగరవేస్తే ఇలా జరగదు. 1కి దారితీసే రెండు మార్గాల విలువలు సగం, మైనస్ సగం కావడంతో అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఈ రద్దును కాగితంపై స్వయంగా లెక్కగట్టిన రోజున నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

పాఠాలు పొడవైనవే, ఆంగ్లంలోనే ఉన్నాయి, లెక్కల వేగమూ ఎక్కువే. నేను ప్రతి పది నిమిషాలకూ ఆపి రాసుకున్నాను. అయినా ఆ పెయిడ్ కోర్సును సరిదిద్దేవరకు కొనవద్దనీ, ముందు వాట్రస్ పాఠాల్లో మొదటి నాలుగు పూర్తి చేయమనీ నా సలహా. నాలుగో దానిలో సీహెచ్ఎస్‌హెచ్ అనే ఆట వస్తుంది: ఇద్దరు ఆటగాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, తమకు ప్రశ్నగా వచ్చిన 0 లేదా 1కి 0 లేదా 1 అని జవాబివ్వాలి. మామూలు వ్యూహాలతో అందులో 75 శాతానికి మించి గెలవలేమని నాలుగు గళ్ల పట్టిక వేసి ముందు మీరే నిరూపించుకోండి. చిక్కుముడి పడిన (ఎంటాంగిల్డ్, అంటే ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడిన) క్యూబిట్లతో అది సుమారు 85 శాతానికి ఎలా చేరుతుందో ఆ తర్వాత వీడియోలో చూడండి.