పసుపు క్యాప్సూల్ రివ్యూ: నా పేచీ పసుపుతో కాదు, మిరియంతో

నమస్కారమండి. ముందే చెప్పేస్తున్నా, ఈ డబ్బా కంపెనీ వాళ్ళు ఫ్రీగా పంపించారు. డబ్బులైతే తీసుకోలేదు. పేరు మీద స్టిక్కర్ అంటించా, ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది. కర్క్యుమిన్, అంటే పసుపులోని అసలు సరుకు, 95 శాతం, క్యాప్సూల్ 500 మిల్లీగ్రాములు, ఇవన్నీ మీరు ఈపాటికి చూసే ఉంటారు. మూత మాత్రం అదుర్స్. నొక్కి తిప్పితే తప్ప రాదు, చిన్నపిల్లలు తీయలేరు.

మాది దుగ్గిరాల వైపండి, పసుపు మీద నాకేం కోపం ఉంటుంది? కాకపోతే కూరలో వేసే పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళు ఉంటే గొప్ప. ఇందులో ఉన్నది పసుపులోంచి సారం లాగి చిక్కబరిచిన సరుకు. అయినా నా గొడవ అది కాదు.

ఇదిగో, కెమెరా దగ్గర పెడుతున్నా చూడండి. బంగారు రంగులో '2000 శాతం ఎక్కువ అబ్జార్ప్షన్', అంటే కర్క్యుమిన్ రక్తంలోకి అంత ఎక్కువ చేరుతుందట. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళ స్టడీలోది ఆ అంకె. రెండు గ్రాముల కర్క్యుమిన్‌కి 20 మిల్లీగ్రాముల పైపెరీన్, అంటే మిరియాల ఘాటు, కలిపి ఇచ్చారు. వీళ్ళు 500కి 5 మిల్లీగ్రాములు వేశారు, అదే లెక్క కాపీ కొట్టారు. కర్క్యుమిన్ లోపలికి వెళ్ళగానే పేగులు, లివర్ దాన్ని మార్చేసి బయటికి పంపేస్తాయి. పైపెరీన్ ఆ పనికి అడ్డుపడుతుంది. బాగానే ఉంది. మరి మీరు రోజూ వేసుకునే టాబ్లెట్లని వదిలించేదీ ఆ లివరే కదా! ఇది పసుపు, ఇది ఫిట్స్ మందు అని పైపెరీన్‌కి తేడా తెలుస్తుందా? ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, బీపీకి వాడే ప్రొప్రనొలాల్, ఆయాసానికి వాడే థియోఫిలిన్, ఇవి రక్తంలో పెరిగినట్టు స్టడీలే ఉన్నాయి. ముందు వైపు అంత గొప్పగా వేసుకున్నవాళ్ళు, వెనకాల ఒక్క లైన్ హెచ్చరిక వేయలేరా?

మా నాన్నకి స్టెంట్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడతారు. డబ్బా చూడగానే 'పసుపేగా, ఇటు తే' అన్నారు. ఇవ్వలేదు. అలిగి భోజనానికి కూడా ఆలస్యంగా వచ్చారు. అలాంటి మందులకి ఈ మోతాదు కర్క్యుమిన్ తోడైతే బ్లీడింగ్ భయం ఉంటుంది. అదే పనికి వార్ఫరిన్ వాడేవాళ్ళైతే అసలు ముట్టుకోకండి. ఆపరేషన్ ఉంటే ముందే డాక్టరుకి చెప్పి ఆపేయండి. పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళకీ వద్దు. ఇటలీలో 2019లో ఇలాంటి సప్లిమెంట్లు వాడినవాళ్ళకి లివర్ వాపు కేసులొస్తే, అక్కడి ప్రభుత్వం లేబుల్ మీద హెచ్చరిక పెట్టించింది. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

నేను మోకాలి నొప్పికి వాడా. షటిల్ ఆడాక పట్టేసేది కాస్త తగ్గింది, అబద్ధం చెప్పను. అరిగిన మోకాళ్ళకి కొంత పనిచేస్తుందని చిన్న చిన్న స్టడీలు కూడా ఉన్నాయి. పరగడుపున వేసుకుంటే మాత్రం గుండెల్లో మంట. నిరుడు చూపించిన అశ్వగంధ గమ్మీలు గుర్తున్నాయా? చెత్త రుచి. కానీ 'థైరాయిడ్ మందులు వాడేవాళ్ళు, గర్భిణులు వాడకూడదు' అని పెద్దక్షరాల్లో వేశారు. ఆ మర్యాద ఇక్కడ లేదు.

ఏ మందులూ వాడనివాళ్ళు కావాలంటే చూసుకోండి. మిగతావాళ్ళు ఇదే లేబుల్ ఫోటో తీసి డాక్టరుకి చూపించి అడగండి, పైపెరీన్ అన్న మాట ప్రత్యేకంగా చెప్పండి. నా రేటింగ్ ఐదుకి రెండు. అందులో ఒకటి మూతకి.