గ్యాస్ ఫైర్‌ప్లేస్: వెంట్ ఉన్నది తీసుకోవాలా, వెంట్ ఫ్రీ తీసుకోవాలా?

వెంట్ అంటే పొగని ఇంటి బయటికి పంపే గొట్టం, వెంట్ ఫ్రీకి అది ఉండదు. షోరూములో ఈ రెండూ పక్కపక్కనే వెలుగుతుంటాయి. మంట చూస్తే తేడా పెద్దగా తెలీదు. కానీ లేబుల్ చూస్తే వెంట్ ఫ్రీ మీద సామర్థ్యం 99 శాతం అని ఉంటుంది, పక్కనున్న డైరెక్ట్ వెంట్ (వెంట్ ఉన్నవాటిలో ఒక రకం) మీద 70 అనో 80 అనో ఉంటుంది. చాలామంది అక్కడే తేల్చేసుకుంటారు. అందుకే ముందు ఆ 99 సంగతి చూద్దాం.

వెంట్ ఫ్రీలో వేడి బయటికి పోదన్నది నిజమే. అసలు ఏదీ బయటికి పోదు కాబట్టే వేడి కూడా పోదు. వేడితో పాటు నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, కొంత నైట్రోజన్ డయాక్సైడ్, మంట సరిగ్గా లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ కూడా మీరు కూర్చున్న గదిలోకే వస్తాయి.

(తెర మీద: నీటి లెక్క)

గంటకి 30,000 బీటీయూల (బీటీయూ అంటే వేడికి కొలత) సెట్ తీసుకోండి. సహజ వాయువుతో అది గంటసేపు మండితే దాదాపు లీటరుంపావు నీళ్లు ఆవిరిగా గదిలో కలుస్తాయి. నాలుగు గంటలు వెలిగిస్తే ఐదు లీటర్లు. ఆ నీళ్లు చల్లటి కిటికీ అద్దాల మీద, బయటి గోడ మూలల్లో, బీరువా వెనక చేరతాయి. బూజు మొదలయ్యేది అక్కడే. ఇంకో విషయం ఏంటంటే, ఆ 99 శాతంలో దాదాపు పదో వంతు వేడి ఈ ఆవిరిలోనే ఉండిపోతుంది. ఆవిరి మళ్లీ నీళ్లుగా మారితేనే అది బయటపడుతుంది. అంటే లేబుల్ మీద కనిపించే వేడి మొత్తం మీ ఒంటికి తగలదు.

"దానికి సెన్సర్ ఉంటుంది కదా" అని అడుగుతారు. ఉంటుంది. ఓడీఎస్ అంటారు, అంటే ఆక్సిజన్ తగ్గితే పసిగట్టేది. గాలిలో మామూలుగా 21 శాతం దాకా ఉండే ఆక్సిజన్ 18 దగ్గరికి పడిపోతే పైలట్ మంట (పెద్ద మంటని అంటించే చిన్న మంట) థర్మోకపుల్ (వేడిని పసిగట్టే కడ్డీ) నుంచి పైకి లేచిపోతుంది, థర్మోకపుల్ చల్లబడుతుంది, వాల్వ్ గ్యాస్ ఆపేస్తుంది. మంచి ఏర్పాటే. కానీ అది కార్బన్ మోనాక్సైడ్‌ని కొలవదు, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. ఆక్సిజన్ సరిపడా ఉన్నా, మంట సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. కాబట్టి ఏ రకం పెట్టినా పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి.

మంట ఎందుకు సరిగ్గా మండదు? ఎక్కువసార్లు దుంగల వల్లే. వెంట్ ఫ్రీ సెట్‌లో సిరామిక్ దుంగలని మాన్యువల్‌లో బొమ్మ చూపించినట్టే పేర్చాలి. అందంగా ఉంటుందని ఒక దుంగని అంగుళం జరిపితే మంట దానికి తగిలి చల్లబడుతుంది, గ్యాస్ పూర్తిగా మండదు, దుంగ మీద నల్లటి మసి పడుతుంది. మసి కనిపించిందంటే వెంటనే ఆపేయండి. రెండో కారణం దుమ్ము, పెంపుడు జంతువుల వెంట్రుకలు. పైలట్‌కి గాలి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోతే పైలట్ మంట నీలం నుంచి పసుపుకి మారుతుంది, సెట్ మాటిమాటికీ ఆరిపోతుంది. గ్యాస్ కట్టేసి, పూర్తిగా చల్లారాక, డబ్బా గాలితో ఊదితే చాలాసార్లు సరిపోతుంది. శుభ్రం చేశాక కూడా ఆరిపోతోందంటే గదిలో ఆక్సిజన్ నిజంగానే తగ్గుతుండొచ్చు. సెన్సర్‌ని మాత్రం ఎప్పుడూ బైపాస్ చేయకండి.

వాసన ఫిర్యాదులు కూడా వెంట్ ఫ్రీకే ఎక్కువ. సెంటు కొవ్వొత్తులు, కొత్త పెయింటు, వార్నిష్, స్ప్రేలు, వీటి ఆవిర్లు మంటలో పడి విరిగి ఘాటుగా తయారవుతాయి.

గది సైజు లెక్క ఇది. అమెరికా కోడ్ ప్రకారం 1,000 బీటీయూలకి 50 ఘనపుటడుగుల గాలి కావాలి. 12 అడుగుల పొడవు, 12 వెడల్పు, 8 ఎత్తు ఉన్న గది 1,152 ఘనపుటడుగులు. దాన్ని 50తో భాగిస్తే 23, అంటే గరిష్ఠంగా 23,000 బీటీయూలు. ఇక్కడే చాలామంది పొరబడతారు: ఆ గది గాలినే వాడుకునే వాటర్ హీటర్ ఉంటే దాని బీటీయూలు కూడా ఇందులోనే కలపాలి. పడకగదిలో 10,000, స్నానాలగదిలో 6,000 మించకూడదు. కొన్నిచోట్ల అసలు అనుమతే లేదు. కాలిఫోర్నియాలో ఇళ్లకి వెంట్ ఫ్రీ హీటర్లు అమ్మనివ్వరు, కెనడాలోనూ ఒప్పుకోరు. కొనేముందు మీ ఊరి బిల్డింగ్ ఆఫీసులో కనుక్కోండి.

ఇక వెంట్ ఉన్నవి. వీటిలో మూడు రకాలు. మూడింటినీ ఒకే గాటన కట్టొద్దు.

మొదటిది, పాత కట్టెల ఫైర్‌ప్లేస్‌లో పెట్టే వెంటెడ్ గ్యాస్ లాగ్స్. మంట అద్భుతంగా ఉంటుంది, వేడి మాత్రం చాలావరకు చిమ్నీలోంచి పోతుంది. ఇల్లు వెచ్చబడాలంటే ఇది వద్దు. ఉన్నవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి: డ్యాంపర్ (చిమ్నీని మూసే రేకు తలుపు) పూర్తిగా మూసుకోకుండా దానికి క్లాంప్ బిగించాలి. చలి వస్తోందని డ్యాంపర్ మూసేసి ఈ సెట్ వెలిగిస్తే పొగంతా ఇంట్లోకే వస్తుంది.

రెండోది బీ వెంట్. గది గాలి తీసుకుని, పొగని గొట్టంలో పైకి పంపుతుంది. ఇల్లు గాలి దూరకుండా బిగుతుగా ఉండి, వంటింట్లో పెద్ద ఎగ్జాస్ట్ ఉంటే, ఆ ఫ్యాన్ పొగని వెనక్కి లాగేస్తుంది. పరీక్ష తేలికే. తలుపులూ కిటికీలూ మూసి, ఇంట్లో ఫ్యాన్లన్నీ వేసి, ఫైర్‌ప్లేస్ వెలిగించి ఐదు నిమిషాలయ్యాక డ్రాఫ్ట్ హుడ్ (పొగ గొట్టంలోకి వెళ్లే చోట ఉండే తెరిచిన మూతి) దగ్గర అగరొత్తి పట్టుకోండి. అగరొత్తి పొగ హుడ్ లోపలికి పోవాలి. మీ మొహం మీదికి వస్తే వెంటనే ఆపి, టెక్నీషియన్‌ని పిలవండి.

మూడోది డైరెక్ట్ వెంట్. రోజూ గంటలకొద్దీ వేడి కావాలనుకునే ఇంటికి మా సలహా ఇదే. ముందు అద్దం సీలు చేసి ఉంటుంది. గొట్టంలో గొట్టం ఉంటుంది: లోపలి దాంట్లోంచి పొగ బయటికి పోతుంది, చుట్టూ ఉన్న దాంట్లోంచి బయటి గాలి మంటకి వస్తుంది. గది గాలితో దానికి పనే లేదు. 4 అంగుళాల లోపలి గొట్టం, ఆరున్నర పైచిలుకు బయటి గొట్టం బాగా కనిపించే సైజు.

కొనేటప్పుడు సెట్‌కి బిగించిన ప్లేట్ మీద అమెరికా ప్రమాణం నంబరు చదవండి. ఏఎన్‌ఎస్‌ఐ జెడ్ 21.88 అని ఉంటే అది హీటర్. జెడ్ 21.50 అని ఉంటే అలంకారానికి. రెండూ డైరెక్ట్ వెంటే కావచ్చు, రెండూ ఒకేలా కనిపించొచ్చు. బీటీయూల్లో కూడా ఇన్‌పుట్ కాదు, అవుట్‌పుట్ అడగండి. 30,000 ఇన్‌పుట్, 75 శాతం సామర్థ్యం అంటే గదికి అందేది 22,500. పెద్దది కొంటే మంచిదనుకోకండి, గది పది నిమిషాల్లో ఉడికిపోయి కట్టేస్తారు. మంటని బాగా తగ్గించుకునే వీలున్న వాల్వ్ చూసుకోండి.

బిగించేటప్పుడు చూడాల్సినవి. గోడలోంచి పోయే గొట్టం బయటి వైపుకి కొంచెం పైకి వాలి ఉండాలి, సాధారణంగా అడుగుకి పావు అంగుళం. ఒక కంపెనీ గొట్టానికి ఇంకో కంపెనీ మోచేయి (వంపు ముక్క) కలపకూడదు. అమెరికా కోడ్‌లో 10,000 నుంచి 50,000 బీటీయూల దాకా ఉన్న డైరెక్ట్ వెంట్ మూతి, తెరుచుకునే కిటికీకి కనీసం 9 అంగుళాల దూరంలో, నేలకి 12 అంగుళాల ఎత్తులో ఉండాలి. మంచు పేరుకునే చోట ఇంకా ఎత్తు. మాన్యువల్ ఇంతకన్నా ఎక్కువ చెబితే మాన్యువల్ మాటే వినండి.

గ్యాస్ రకం కూడా సరిచూడండి. సహజ వాయువు బర్నర్‌కి 3.5 అంగుళాల నీటి మట్టం పీడనంతో వెళ్తుంది, ప్రొపేన్ 10తో. ఆరిఫైస్ (గ్యాస్ వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) మార్చకుండా సహజ వాయువు సెట్‌కి ప్రొపేన్ కలిపితే మంట ఎగసిపడుతుంది, మసి కడుతుంది. కీళ్లన్నింటికీ సబ్బు నీళ్లు రాసి బుడగలు చూడాలి.

కరెంటు పోయినప్పుడు కూడా వెలగాలంటే మిల్లీవోల్ట్ పైలట్ (తన మంట వేడితోనే వాల్వ్‌కి కావాల్సిన కరెంటు పుట్టించుకునేది) ఉన్నది గానీ, బ్యాటరీ బ్యాకప్ ఉన్నది గానీ తీసుకోండి. వేడిని గదిలోకి ఊదే ఫ్యాన్ మాత్రం తిరగదు.

మరి వెంట్ ఫ్రీ ఎవరికి? పెద్ద గది, గాలి కొంత ఆడే పాత ఇల్లు, అప్పుడప్పుడు గంటో రెండు గంటలో వాడకం, గొట్టం వేయడానికి దారి లేకపోవడం. ఇవన్నీ కలిస్తే పెట్టుకోవచ్చు, కిటికీ కొద్దిగా తెరిచి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే వద్దని గట్టిగా చెబుతున్నాం.

డైరెక్ట్ వెంట్ వెలిగించిన మొదటిరోజు పెయింటు కాలిన వాసన కొన్ని గంటలు వస్తుంది, కిటికీలు తెరిచిపెట్టండి. అద్దం మీద తెల్లటి పొర వస్తే, పూర్తిగా చల్లారాక అమ్మోనియా లేని క్లీనర్‌తో తుడవండి. వేడి మీద ఆ అద్దం చర్మాన్ని క్షణంలో కాల్చేస్తుంది, అందుకే ముందున్న జాలీ తెర తీసి పక్కన పెట్టొద్దు. పదిహేను, ఇరవై నిమిషాలు మండాక మంటని గమనించండి. పసుపు రంగులో నిదానంగా ఆడుతుంటే బాగున్నట్టే. పొట్టిగా, వణుకుతూ ఉంటే డ్రాఫ్ట్ (గొట్టం లాగే గాలి) ఎక్కువైంది, దాన్ని తగ్గించే రిస్ట్రిక్టర్ సర్దించాలి. బర్నర్‌ని వదిలి గాల్లో తేలుతున్నట్టుంటే పొగ తిరిగి లోపలికి వస్తోంది, లేదా గొట్టం ఎక్కడో మూసుకుంది. అప్పుడు గ్యాస్ కట్టేసి, బిగించినవాళ్లు వచ్చి చూసేదాకా మళ్లీ వెలిగించకండి.