‘ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోంది సార్’: కంప్యూటర్ ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. అప్పటి నుంచి మనకొచ్చే మెసేజ్‌లలో ఒకటే బాధ కనిపిస్తోంది. కొత్త విండోస్ ఎక్కిస్తుంటే మధ్యలో కంప్యూటర్ ఆగిపోతోందట. నల్లగొండలో ఏళ్ల తరబడి కంప్యూటర్లు రిపేర్ చేస్తున్న సార్ ఈ రోజు మన స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ దేవరకొండ నుంచి. హలో, మాట్లాడండి.

దేవరకొండ శ్రోత: నమస్తే మేడం, నమస్తే సార్. నాకు ఇక్కడ జిరాక్స్, ఆన్‌లైన్ షాపు ఉంది. విండోస్ 11 వేస్తున్నాను. మూడు రోజుల నుంచి ఒకటే సతాయింపు సార్. మొదటిసారి 23 శాతం దగ్గర ఆగింది. రెండోసారి 61. నిన్న రాత్రి 37. మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ ఆగడం. పిల్లలు అప్లికేషన్ల కోసం వచ్చి ఉత్త చేతులతో తిరిగిపోతున్నారు.

నిపుణుడు: ఆగినప్పుడు మౌస్ కదులుతోందా?

శ్రోత: కదలదు సార్.

నిపుణుడు: కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కితే లైటు వెలిగి ఆరుతోందా?

శ్రోత: అది చూడలేదు. ఇప్పుడు కూడా ఆగే ఉంది, నొక్కుతున్నా... లేదు సార్, లైటు మారట్లేదు.

నిపుణుడు: అయితే నిజంగానే బిగుసుకుపోయింది. లైటు మారుతుంటే మాత్రం తొందరపడి ఆపొద్దు. పాత హార్డ్ డిస్కుల మీద ఒకే అంకె దగ్గర చాలాసేపు కూర్చున్నా లోపల పని నడుస్తూనే ఉంటుంది. మీరు శాతాలు గుర్తుపెట్టుకున్నారు చూడండి, సగం రోగం అక్కడే తెలిసిపోయింది. ప్రతిసారీ ఒకే చోట ఆగితే నా అనుమానం ముందు పెన్‌డ్రైవ్ మీదికి, అందులో వేసిన ఫైలు మీదికి పోతుంది. తర్వాత హార్డ్ డిస్కు. ఒక్కోసారి ఒక్కోచోట ఆగిందంటే ర్యామ్ అనే తాత్కాలిక మెమరీ, వేడి, కరెంటు, ఈ మూడింట్లో వెతకాలి. ఈమధ్య లోపల ఏమన్నా మార్పించారా?

శ్రోత: పోయిన నెల ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించాను సార్. సెకండ్ హ్యాండ్‌ది. పాతది ఒకటి 4 ఉండె.

నిపుణుడు: అది వేసిన తర్వాత పాత విండోస్ ఎలా నడిచింది?

శ్రోత: అప్పుడప్పుడు నీలం తెర వచ్చి రీస్టార్ట్ అయ్యేది. వైరస్ అనుకున్నా. అందుకే అంతా ఫార్మాట్ కొట్టి కొత్తది వేద్దామని కూర్చున్నా.

నిపుణుడు: చాలామంది అక్కడే దారి తప్పుతారు. రోజూ ప్రింట్లు తీసేటప్పుడు ర్యామ్‌లో చెడిన చోటు వరకు పని పోకపోవచ్చు. ఇన్‌స్టాలేషన్ అలా కాదు. పెన్‌డ్రైవ్‌లో కుదించి ఉన్న వేల ఫైళ్లను ర్యామ్‌లోకి తెచ్చి, అక్కడే విప్పి, డిస్కులోకి దించుతుంది. ప్రతి గింజా ర్యామ్ అనే సంచిలోంచే పోవాలి. సంచికి చిల్లుంటే కల్లంలో ఒడ్లు ఎంత మంచివైతే ఏం లాభం? మీరు మూడు రోజులుగా ఒడ్లనే మళ్లీ మళ్లీ పోస్తున్నారు. ఇక ఆపండి. షాపులోనే ఉన్నారు కదా, ఒక పని చేయండి. పవర్ ఆపి ప్లగ్ తీసేయండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. చేతిని ఒకసారి క్యాబినెట్ ఇనుముకు తాకించి, కొత్త ర్యామ్ బయటికి తీయండి. పాతదాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, రెండు వైపులా టక్కుమనేదాకా నొక్కి కూర్చోబెట్టండి. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస ర్యామ్ 4 జీబీ. ఒక్కదానితోనే ఎక్కుతుంది. పని మాత్రం మెల్లగా నడుస్తుంది.

శ్రోత: డీ డ్రైవ్‌లో పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు ఉన్నాయి సార్. ముందు అవి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోనా?

నిపుణుడు: చేసుకోవాలి. కానీ ఈ రెండు ర్యామ్‌లతో వద్దు. చెడిన ర్యామ్‌లోంచి కాపీ చేస్తే కాపీలే చెడిపోవచ్చు, అది మనకు నెలల తర్వాత గానీ తెలియదు. డిస్కు తీసి పక్క కంప్యూటర్‌కు తగిలించి, అక్కడ కాపీ చేసుకోండి. తర్వాత డిస్కును మళ్లీ ఇందులో తగిలించి ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టండి. ఏ డ్రైవ్‌లో వేయాలని అది అడిగినప్పుడు సైజును బట్టి గుర్తుపట్టి, ఇంతకుముందు సీ డ్రైవ్‌గా ఉన్న భాగాన్ని మాత్రమే ఎంచుకోండి. ఎవరి సర్టిఫికెట్ అయినా పోతే ఆ పిల్లలు మళ్లీ ఎన్ని ఆఫీసులు తిరగాలో మీకు తెలుసు.

వ్యాఖ్యాత: ఎలా ఉందో మళ్లీ ఫోన్ చేసి చెప్పండి, లైన్ కలుపుతాం. తర్వాతి కాల్ మిర్యాలగూడ నుంచి.

మిర్యాలగూడ శ్రోత: నమస్తే సార్. రైస్‌మిల్లులో లెక్కలు రాస్తాను. మా కంప్యూటర్ విండోస్ ఎక్కిస్తుంటే పది నిమిషాలకు బిగుసుకుపోతోంది. మదర్‌బోర్డు పోయిందని ఒకాయన చెప్పాడు.

నిపుణుడు: బయోస్, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర, అది తెరిచి ఊరికే వదిలేసి చూశారా?

శ్రోత: చూశాను సార్. అక్కడ కూడా అంతే, కాసేపటికి ఆగిపోతోంది.

నిపుణుడు: మంచి ఆధారం దొరికింది. బయోస్ దశలో విండోస్ ఇంకా మొదలే కాలేదు. అక్కడ కూడా ఆగితే విండోస్‌ను తిట్టి లాభం లేదు, తప్పు యంత్రానిది. మదర్‌బోర్డు దాకా పోయే ముందు మీ మిల్లు గాలి గురించి ఆలోచించండి. తవుడు దుమ్ము ఫ్యానులో పేరుకుంటే అట్టలా గట్టిపడుతుంది. బయోస్‌లో హార్డ్‌వేర్ మానిటర్ అని ఉంటుంది, సీపీయూ వేడి అందులో చూడొచ్చు. ఏ పనీ చేయని కంప్యూటర్‌లో అది 40, 50 డిగ్రీలుండాలి. 80 దాటి ఎక్కుతూ పోతుంటే దొంగ దొరికినట్టే. మామూలుగా సీపీయూలు 100 డిగ్రీల చుట్టుపక్కల తమను కాపాడుకోవడానికి పని తగ్గించుకుంటాయి, లేదంటే ఆగిపోతాయి.

శ్రోత: బ్లోయర్‌తో నేనే కొట్టొచ్చా?

నిపుణుడు: కొట్టొచ్చు. మిల్లు లోపల కాకుండా బయటికి తెచ్చి కొట్టండి. ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. సీపీయూ వేడిని లాగే హీట్‌సింక్ కింద పేస్టు ఎండి పొడిగా అయితే తుడిచి కొత్తది పెట్టించాలి. శెనగ గింజంత చాలు. మీ లెక్కల టాలీ డేటా ఎక్కడుంది?

శ్రోత: అంతా దాంట్లోనే ఉంది సార్.

నిపుణుడు: విండోస్ ఇక మీదట ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఈ రోజే ఆ డిస్కు తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించి డేటా కాపీ చేసుకోండి. డిస్కులోంచి టిక్కు టిక్కుమని చప్పుడొస్తే మాత్రం వెంటనే ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకుపోండి.

వ్యాఖ్యాత: మహబూబ్‌నగర్ నుంచి ఒక విద్యార్థిని లైన్‌లో ఉన్నారు.

మహబూబ్‌నగర్ శ్రోత: నమస్తే సార్. నా ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు వాడే లినక్స్ మింట్ వేస్తున్నాను. లోగో వచ్చి అక్కడే ఆగిపోతోంది. ప్రతిసారీ అక్కడే.

నిపుణుడు: ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ చిప్ ఉందా అమ్మా?

శ్రోత: ఉంది సార్.

నిపుణుడు: అయితే భయపడకు, నీ ల్యాప్‌టాప్‌కు ఏమీ కాకపోవచ్చు. గ్రాఫిక్స్ చిప్‌కు, లినక్స్‌తో వచ్చే డ్రైవర్‌కు మొదట్లో పొసగక అలా ఆగుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి మొదలయ్యేటప్పుడు వచ్చే మెనూలో కంపాటిబిలిటీ మోడ్ అని ఉంటుంది, అది ఎంచుకో. లేకపోతే మొదటి వరుస మీద ఇంగ్లిష్ ‘e’ అక్షరం నొక్కు. లినక్స్ అనే మాటతో మొదలయ్యే లైనులో క్వయట్ స్ప్లాష్ (quiet splash) అనే రెండు మాటలు తీసేసి, ఆ చోట నోమోడ్‌సెట్ అని టైప్ చెయ్యి. స్పెల్లింగ్ రాసుకో: ఎన్, ఓ, ఎమ్, ఓ, డి, ఈ, ఎస్, ఈ, టి. అన్నీ చిన్న అక్షరాలు. తర్వాత ఎఫ్ 10 నొక్కు. ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్‌లో ఎన్విడియా డ్రైవర్ వేసుకుంటే మామూలుగా నడుస్తుంది.

శ్రోత: పెన్‌డ్రైవ్ చెడిపోయిందనుకొని ఇంకోటి కొన్నాను సార్...

నిపుణుడు: దాన్ని ఉంచుకో, బ్యాకప్‌కు పనికొస్తుంది. నువ్వు డౌన్‌లోడ్ చేసిన మింట్ ఐఎస్ఓ ఫైలు సరిగ్గా దిగిందో లేదో కూడా చూసుకో. మింట్ వెబ్‌సైట్‌లో ఎస్‌హెచ్ఏ 256 అని అంకెలు, అక్షరాల పొడవైన వరుస ఇస్తారు. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో నీ ఫైలుది తీసి రెండూ పోల్చు. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ డౌన్‌లోడ్ చెయ్యి.

వ్యాఖ్యాత: దేవరకొండ నుంచి మళ్లీ లైన్‌లోకి వచ్చారు. చెప్పండి, ఏమైంది?

దేవరకొండ శ్రోత: ముందు స్కాన్లన్నీ పక్క కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నా మేడం. తర్వాత పాత ర్యామ్ ఒక్కదానితో మొదలుపెట్టాను సార్. 61 దాటింది, ఇప్పుడు 78. ఇంత దూరం ఎప్పుడూ రాలేదు.

నిపుణుడు: చాలా సంతోషం. వంద అయ్యేదాకా ముట్టుకోకండి. తీసేసిన ర్యామ్‌ను మాత్రం అప్పుడే పారేయొద్దు. తప్పు దానిది కావచ్చు, అది కూర్చున్న స్లాటుది కావచ్చు. రాత్రికి పాతది తీసి, బాగా పనిచేస్తున్న ఆ స్లాటులోనే కొత్తది ఒక్కటే పెట్టండి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ 86 ప్లస్ ఉచితంగా దొరుకుతుంది, ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేసి నడిపించండి. ఒక్క ఎర్ర లైను కనిపించినా ఆ ర్యామ్ పనికిరాదు, అమ్మినవాళ్లకు ఫొటో తీసి చూపించండి. తెల్లారేదాకా ఒక్క తప్పూ రాకపోతే రెండో స్లాటును అనుమానించాలి.

శ్రోత: తొమ్మిదింటికి షాపు మూస్తాను సార్. మూసేముందు పెట్టి పోతా.

నిపుణుడు: మానిటర్ ఆపేసి పోండి. సీపీయూ ఫ్యాను దగ్గర గాలి ఆడేలా ఆ జిరాక్స్ పేపర్ కట్టలు కాస్త పక్కకు జరపండి.