కొత్త కాయిల్ వేసే ముందు

(ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు ఈ కాయిల్‌ని ఒకరి తర్వాత ఒకరు అందుకుని చూడండి. వాసన కూడా చూడండి, మొహమాటం వద్దు. అది మాడిన వార్నిష్ వాసన. ఒక్కసారి ముక్కుకి పట్టిందంటే ఇక మర్చిపోరు. ప్యానెల్ తలుపు తెరవగానే, మీటర్ బయటికి తీసేలోపే సగం సంగతి ముక్కే చెప్పేస్తుంది.

ఇది వాల్వ్ మీద కూర్చునే 230 వోల్టుల ఏసీ సోలినాయిడ్ కాయిల్, అంటే కరెంటు ఇస్తే అయస్కాంతమై వాల్వ్‌ని తెరిచే తీగ చుట్ట. దీన్ని మాడ్చింది నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వాల్వ్ తెరుచుకోవడం లేదన్నారు. కాయిల్ బాగుందో లేదో చూద్దామని వాల్వ్ మీంచి ఊడబెరికి, చేత్తో పట్టుకుని సప్లై ఇచ్చాను. లోపల అయస్కాంతం పుడుతోందా లేదా అని స్క్రూడ్రైవర్ పెట్టి చూస్తున్నాను. లాగుతోంది, సంతోషం. కాసేపటికి చెయ్యి కాలింది, ఆ వెంటనే పొగ. భయపడి స్టోర్స్ నుంచి కొత్తది తెచ్చి వాల్వ్ మీద బిగించాను. పది నిమిషాల్లో అదీ పోయింది. అప్పుడు వచ్చారు మా సీనియర్ ఫిట్టర్, అందరం బాబాయ్ అని పిలిచేవాళ్లం. "కాయిల్ నిన్నేం చేసిందిరా? ప్లంజర్ కదుల్తోందో లేదో చూశావా?" అన్నారు. ప్లంజర్ అంటే కాయిల్ మధ్యలో జారే ఇనుప కడ్డీ. విప్పి చూస్తే దాని గొట్టంలో తుప్పు, మడ్డి. వేలితో నొక్కినా కదల్లేదు.

రెండు కాయిల్స్ పోవడానికీ కారణం ఒక్కటే. ఏసీలో కరెంటుని ఆపేది తీగ రెసిస్టెన్స్ ఒక్కటే కాదు, మధ్యలో ఉన్న ఇనుము కూడా. ప్లంజర్ పూర్తిగా లోపలికి చేరితే ఇండక్టెన్స్, అంటే ఏసీని అడ్డుకునే గుణం, పెరిగి కరెంటు తగ్గుతుంది. బయట ఉన్నంతసేపూ కాయిల్ అంతకు కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. ప్లంజర్ సరిగ్గా పనిచేస్తే అదంతా రెప్పపాటు వ్యవహారం. ఇరుక్కుపోతే మాత్రం ఆ కరెంటు తగ్గదు, కాయిల్ మాడుతుంది. నా చేతిలో మాడినదానికైతే లోపల ప్లంజరే లేదు. అందుకే ఏసీ కాయిల్‌ని వాల్వ్ మీంచి తీసి కరెంటు ఇవ్వొద్దు.

డీసీ సంగతి వేరు. అక్కడ ప్లంజర్ ఇరుక్కున్నా, కదిలినా నిలకడగా పారే కరెంటు ఒక్కటే. కాబట్టి మాడిన డీసీ కాయిల్ కనబడితే వోల్టేజీ ఎక్కువైందా, పక్కన వేడి ఉందా, కాసేపే ఆన్‌లో ఉండాల్సిన కాయిల్‌ని రోజంతా ఆన్‌లో ఉంచారా అని వెతకండి.

ఇప్పుడు ఓమ్స్ గురించి. సప్లై ఆపి, ఒక వైరు విప్పి కొలవాలి. విప్పకపోతే పక్కన పేరలల్‌లో ఉన్నవన్నీ కలిపి మీటర్ ఏదో అంకె చూపిస్తుంది. 24 వోల్టుల డీసీ కాయిల్ మీద 4.8 వాట్లు అని రాసి ఉంటే లెక్క సులువు: 24ని 24తో గుణించి 4.8తో భాగిస్తే 120 ఓములు. మీటర్ ఓఎల్ (కొలతకి అందనంత ఎక్కువ) అంటే తీగ తెగింది. సున్నా దగ్గరికొస్తే షార్ట్. ఇబ్బంది పెట్టేది ఈ రెండూ కాదు, 85 లాంటి అంకె. లోపల కొన్ని చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయినప్పుడు అలా వస్తుంది. తీగ కలిసి ఉంటే కుయ్యిమనే బజర్ మోడ్‌లో పెట్టి చూస్తే ఇది అస్సలు దొరకదు. వేడిగా ఉన్న కాయిల్ కొలిస్తే ఉల్టా, రెసిస్టెన్స్ ఎక్కువ చూపిస్తుంది. రాగికి డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 120 ఉన్నది 80 డిగ్రీల దగ్గర 148 అవుతుంది. అది ఫాల్ట్ కాదు. ఏసీ కాయిల్‌కి ఈ వాట్ల లెక్క పనికిరాదు. అదే మోడల్ కాయిల్ ఇంకోటి పక్కన పెట్టుకుని పోల్చుకోండి.

వోల్టేజీ కొలవడంలో మనందరం చేసే పొరపాటు ఒకటుంది. కనెక్టర్ ఊడదీసి పిన్నుల మధ్య చూస్తాం, 24 వస్తుంది. "సప్లై ఓకే, కాయిలే పోయింది" అనేస్తాం. టెర్మినల్ లూజ్‌గా ఉన్నా, వైర్లో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా, లోడ్ లేనప్పుడు డిజిటల్ మీటర్ 24 చూపిస్తుంది. ఎందుకంటే మీటర్ తాగే కరెంటు లేనట్టే లెక్క. కాయిల్ తగిలించి, ఆన్‌లో ఉండగా కొలిస్తే 9కో 10కో పడిపోయి కనిపిస్తుంది. ఈ విషయంలో పాతకాలం టెస్ట్ ల్యాంపే నయం, అది కరెంటు లాగి మరీ చూపించేది. కనెక్టర్ మీద వెలిగే చిన్న ఎల్ఈడీని కూడా నమ్మకండి. తీగ తెగిన కాయిల్ మీద కూడా అది చక్కగా వెలుగుతుంది.

మన ఊళ్లలో ఎక్కువగా చూసేది బోరు మోటార్ స్టార్టర్. అందులో కాంటాక్టర్‌ని, అంటే మోటార్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్‌ని, లాగేదీ ఇలాంటి కాయిలే. కాంటాక్టర్ తన వోల్టేజీలో 85 శాతం దగ్గర కూడా లాగాలని ప్రమాణం. అంటే 415 వోల్టుల కాయిల్‌కి సుమారు 353. లైన్ 340కి పడిందనుకోండి, లాగే బలం వోల్టేజీ వర్గంతో పాటు తగ్గి మూడింట రెండు వంతులే మిగులుతుంది. సగం లాగి వదిలేస్తుంది, టకటకలాడుతుంది, కాంటాక్టులు మాడతాయి. పచ్చ బటన్‌కి పుల్ల పెట్టి నడిపించే రైతుని చూసే ఉంటారు. ఆ పుల్ల తీయించకుండా కాయిల్ మార్చి లాభం లేదు.

వోల్టేజీ బాగానే ఉండి స్టార్టర్ గుయ్యిమంటోందా? 50 హెర్ట్జ్ కరెంటులో లాగే బలం సెకనుకి 100 సార్లు సున్నాకి పడుతుంది. ఆ సమయంలో పట్టు వదలకుండా ఉంచేది ఇనుప కోర్ అంచులో పొదిగిన చిన్న రాగి రింగు. అది విరిగినా, కోర్ ముఖాల మధ్య దుమ్ము చేరినా మోత వస్తుంది. పొడిగుడ్డతో తుడవండి, ఎమరీ కాగితం మాత్రం పట్టించొద్దు. ఇంగ్లీషు E అక్షరం ఆకారంలో ఉండే కోర్‌లో మధ్య కాలు కావాలనే వెంట్రుకవాసి పొట్టిగా చేస్తారు. అటూ ఇటూ ఉన్న కాళ్లు అరగదీస్తే ఆ సందు పోతుంది. సందు పోతే మిగిలిపోయిన అయస్కాంతంతో, కరెంటు ఆపినా కాంటాక్టర్ వదలదు. ఎర్ర బటన్ నొక్కినా మోటార్ తిరుగుతూనే ఉంటుంది, ఆలోచించండి.

ట్రాక్టర్ సెల్ఫ్ గురించి కూడా ఒక మాట. దాని సోలినాయిడ్‌లో రెండు చుట్లు ఉంటాయి, ఒకటి లాగేది, ఒకటి పట్టి ఉంచేది. పట్టేది తెగితే లాగుతుంది, వదులుతుంది, టకటకమంటుంది. బ్యాటరీ నీరసించినా ఇదే చప్పుడు. అందుకని ముందు బ్యాటరీ: లోడ్ ఏమీ లేనప్పుడు 12.6 వోల్టులు ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందకి పోకూడదు. ఒకే ఒక్క టక్ వచ్చి ఇంజన్ తిరగలేదనుకోండి. తాళం అలాగే పట్టించి రెండు పెద్ద బోల్టుల మధ్య కొలవండి. దాదాపు బ్యాటరీ వోల్టేజీ వస్తే లోపలి రాగి డిస్క్ కాంటాక్ట్ ఇవ్వడం లేదు. సున్నా దగ్గర ఉంటే సోలినాయిడ్ జోలికి పోకుండా మోటార్, ఎర్త్ వైరు, బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. ఆ రెండు బోల్టుల్ని స్క్రూడ్రైవర్‌తో కలిపి స్టార్ట్ చేసే అలవాటు మాత్రం వద్దు. బండి గేర్‌లో ఉంటే, పెద్ద టైరు ముందు నిలబడి ఉన్నది మీరే.

సరే, బల్ల మీద మూడు కాయిల్స్ పెట్టాను, అన్నీ 24 వోల్టుల డీసీవే, ఒకే మోడల్. ఒకటి మంచిది, ఒకటి తెగింది, ఒకదానిలో చుట్లు షార్ట్ అయ్యాయి. మీటర్లు తీసుకుని ఇద్దరిద్దరుగా రండి. బజర్ మోడ్‌లో పెట్టినవాళ్లని వెనక్కి పంపిస్తాను.