చరక్ పట్టిన పిల్లాడు

(టీ కప్పు చప్పుడు, నవ్వు)

తమ్ముడు: రికార్డింగ్ మొదలైంది అక్కా, ఆ కప్పు కింద పెట్టు ఇక.

అక్క: పెట్టాను. అందరికీ నమస్కారం. ఈసారి కాబూల్ వెళ్తున్నాం. ఖాలిద్ హుస్సేనీ నవల 'ది కైట్ రన్నర్', 2003లో వచ్చింది. కథంతా చెప్పేస్తాం కాబట్టి చదవనివాళ్ళు ఇక్కడే ఆగి, చదివి రండి.

తమ్ముడు: 2007లో సినిమా వచ్చిందిగా. అది చూసినా సరిపోతుందా?

అక్క: సరిపోదురా. సినిమాలో పతంగులు బాగా ఎగురుతాయి. కానీ ఈ కథలో గొడవంతా కథ చెప్పే అమీర్ బుర్రలో నడుస్తుంది. అది తెర మీద కనపడదు.

తమ్ముడు: సరే, రెండు ముక్కల్లో చెప్తా. కాబూల్‌లో వజీర్ అక్బర్ ఖాన్ అని డబ్బున్నవాళ్ళ పేట. అక్కడ అమీర్, పెత్తనం చేసే పష్తూన్ తెగ పిల్లాడు. అదే ప్రహరీలో మట్టి గదిలో హసన్. అమీర్ ఇంట్లో పనిచేసే అలీ కొడుకు, అక్కడ చిన్నచూపు చూసే హజారా తెగవాడు. ఇద్దరూ తల్లి లేని పిల్లలే, ఒకే ఆవిడ పాలు తాగి పెరిగారు. 1975 శీతాకాలంలో పతంగుల పోటీ. అమీర్ గెలుస్తాడు. ఆఖర్న తెగిన నీలం పతంగిని పట్టుకురావడానికి హసన్ పరుగెడతాడు...

అక్క: అక్కడ ఒక్క క్షణం ఆగు. ఈ పోటీ మన హైదరాబాద్ వాళ్ళకి విప్పి చెప్పక్కర్లేదు. గాజుపొడి పూసిన మాంజా, పేంచ్‌లు, తెగినదాని వెంట వీధులన్నీ పరుగు, అన్నీ మనకీ ఉన్నవే. మనకి సంక్రాంతికి, వాళ్ళకి చలికి బడులు మూసేసినప్పుడు. అక్కడా ఒకడు ఎగరేస్తాడు, ఇంకొకడు దారం చుట్టిన చరక్ పడతాడు. గెలుపు ఎగరేసినవాడి ఖాతాలోకే పోతుంది. హసన్ చరక్ పట్టేవాడు.

తమ్ముడు: సందులో ఆసెఫ్ అనేవాడు, మరో ఇద్దరు హసన్‌కి అడ్డం వస్తారు. పతంగి ఇచ్చేస్తే వదిలేస్తాం అంటారు. అది అమీర్‌దని వీడు ఇవ్వడు. ఆసెఫ్ వాడి మీద లైంగిక దాడి చేస్తాడు. అమీర్ గోడ చాటు నుంచి చూసి పారిపోతాడు. పన్నెండేళ్ళవాడు అక్కా. అంత చిన్నపిల్లాడు భయపడితే పాపం ఎలా అవుతుంది?

అక్క: భయపడినందుకు నేనేమీ అనను. వట్టి భయం కాదని వాడే ఒప్పుకుంటాడు, ఆ పతంగి చేతికొస్తే నాన్న ప్రేమ దొరుకుతుందన్న ఆశ కూడా ఉంది. సరే, దాన్నీ వదిలేద్దాం. ఆ తర్వాత చేసింది చూడు. హసన్ మొహం రోజూ కనపడుతుంటే భరించలేక, తన వాచీ, కొంత డబ్బు హసన్ పరుపు కింద పెట్టి దొంగతనం అంటగడతాడు. సందులో చేసింది పిరికితనం. ఇది మాత్రం కూర్చుని ఆలోచించి చేసిన పని.

తమ్ముడు: గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందనుకుంటే, ఇక్కడ దొంగతనం చేయనివాడు ముందుకొచ్చి "నేనే తీశాను" అంటాడు.

అక్క: అక్కడే నాకు ఒళ్ళు జలదరించింది. అమీర్ తండ్రి లోకంలో ఉన్న పాపం దొంగతనం ఒక్కటే, మిగతావన్నీ దాని రూపాలే అంటాడు. అలాంటి మనిషి ఆ మాట విని "క్షమించాను" అంటాడు. ఎందుకో చాలా పేజీల తర్వాత తెలుస్తుంది, హసన్ ఆయన సొంత కొడుకే. కొడుక్కి తండ్రి పేరే లేకుండా చేసిన దొంగ ఆయన.

తమ్ముడు: అంటే తప్పు అమీర్‌తో మొదలవలేదు.

అక్క: ఆ ఇంట్లోనూ మొదలవలేదు. 1890లలో అప్పటి అఫ్గాన్ పాలకుడు అబ్దుర్ రహమాన్ హజారాల మీద సైన్యాన్ని పంపాడు. ఎంతోమందిని చంపారు, బానిసలుగా అమ్మారు. 1998 ఆగస్టులో మజారె షరీఫ్ అనే ఊళ్ళో తాలిబన్లు మళ్ళీ హజారాల్ని ఊచకోత కోశారు. హసన్ చావు కూడా అలాంటిదే. అమీర్ వాళ్ళ ఇంటిని కాపాడుతూ, ఆ ఇంటి ముందే కాల్చేస్తారు. "మేం స్నేహితులం" అని అమీర్ ఎప్పుడూ అనుకోలేకపోయాడంటే, దాని వెనకాల ఇంత ఉంది.

తమ్ముడు: నాకు తట్టింది ఇంకోటి. హసన్‌కి చదువు రాదని అమీర్ లోపల ఒకలాంటి సంతోషం. తెలియని మాట అడిగితే అర్థం మార్చి చెప్పి నవ్వుకుంటాడు. హసన్ మాత్రం పెద్దయ్యాక చదువు నేర్చుకుని, అమీర్‌కి స్వయంగా ఉత్తరం రాస్తాడు. హుస్సేనీ చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో వంటచేసే హజారా మనిషికి చదవడం, రాయడం నేర్పాడట.

అక్క: ఆయన చేసిన మంచిపనిని అమీర్ చేతికి ఇవ్వలేదు చూడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

తమ్ముడు: చేసిన పాపం చెబితే పోతుందంటారుగా. అమీర్ చివరికి చెబుతాడు కదా?

అక్క: ఎవరికి చెప్పాడు? భార్య సొరాయా పెళ్ళికి ముందే తన సంగతి అంతా చెప్పేసింది. ఆ ధైర్యం చూసి వీడికి అసూయ! వీడు చెప్పడానికి ఏళ్ళు పట్టింది, అదీ ఇస్లామాబాద్ నుంచి ఫోన్‌లో. చెప్పాల్సిన మనిషికి మాత్రం చెప్పనేలేదు. హసన్ ఉత్తరం చేతికొచ్చేసరికి హసన్ లేడు.

తమ్ముడు: కానీ వెళ్ళాడుగా అక్కా. అమెరికా వలస వెళ్ళి, కాలిఫోర్నియాలో ఇల్లు, పుస్తకాలు, పేరు, అన్నీ ఉండి 2001లో తాలిబన్ల కాబూల్‌కి వెళ్ళాడు, హసన్ కొడుకు సొహ్రాబ్ కోసం.

అక్క: కాదనను. ఆ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది చాలామంది దాటేసే చిన్న ముక్క. దారిలో ఒక పేదింట్లో దిగుతాడు. పిల్లలు తన వాచీ వంకే చూస్తున్నారని వాచీ ఇచ్చేస్తాడు. వాళ్ళు చూసింది తను తింటున్న అన్నం వంక! వెళ్ళేటప్పుడు గుప్పెడు నోట్లు వాళ్ళ పరుపు కింద పెడతాడు. అదే చెయ్యి, అలాంటి పరుపే. పశ్చాత్తాపం గురించి పేజీలు పేజీలు రాసేకంటే ఇది మేలు.

తమ్ముడు: మరి నచ్చనిది?

అక్క: ఆసెఫే మళ్ళీ తాలిబన్ నాయకుడై దొరకడం. ఇరవై ఆరేళ్ళ తర్వాత, అంత దేశంలో వాడేనా! అమీర్ వాడి చేతిలో దెబ్బలు తింటూ నవ్వుతాడు, పెదవి చీలుతుంది, గ్రహణమొర్రితో పుట్టిన హసన్ పెదవిలాగే. లెక్క సరిపోయింది అన్నట్టు ఉంటుంది. నాకు కాస్త సినిమా వాసన కొట్టింది. ఇంకొకటి, హసన్‌కి ఒక్కసారైనా కోపం రాదు. దానిమ్మకాయలతో కొట్టినా తిరిగి కొట్టడు, ఒకటి తన నుదుటి మీదే చితక్కొట్టుకుంటాడు. అంత మంచివాడిగా రాస్తే మనిషి మిగలడు.

తమ్ముడు: దానికి రచయిత దగ్గర జవాబు ఉందేమో. సొహ్రాబ్‌ని అనాథాశ్రమానికి పంపనని మాటిచ్చి, వీసా గొడవలో కొన్నాళ్ళు ఉండాలి అంటాడు అమీర్. ఆ రాత్రి పిల్లాడు స్నానాల గదిలో మణికట్టు కోసుకుంటాడు. బతికాక ఏడాది దాకా మాట్లాడడు. అమీర్ దెబ్బలు తిన్నంత మాత్రాన వాడికి ఒరిగిందేమీ లేదు.

అక్క: ఒప్పుకుంటున్నా. ఈ పుస్తకాన్ని మెచ్చుకునేవాళ్ళు ఆ భాగాన్ని మర్చిపోతారు.

తమ్ముడు: ఇంకో అఫ్గాన్ రచయిత, అతీక్ రహీమీ సంగతి చెప్తానన్నావు.

అక్క: ఆ, 2011లో ఫ్రెంచ్‌లో రాశాడు. 'నేరము-శిక్ష' రాసిన రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీని శపించే పేరు ఆ నవలకి. కాబూల్‌లో అంతర్యుద్ధం రోజులు. రసూల్ అనే కుర్రాడు వడ్డీ వ్యాపారం చేసే ముసలమ్మని గొడ్డలితో చంపుతాడు. నేరం ఒప్పుకుంటా, శిక్ష వెయ్యండి అని తిరుగుతాడు. ఎవరికీ పట్టదు! చుట్టూ ఇన్ని శవాలు, నీ ఒక్క శవం గొప్పేమిటి అన్నట్టు ఉంటారు. అది చదివాక అమీర్‌ని వేరేగా చూశాను. కుమిలిపోవడానికీ తీరిక కావాలి. అమెరికా వెళ్ళినవాడికి అది దొరికింది. హుస్సేనీ కూడా 1976లో కాబూల్ వదిలితే, మళ్ళీ అడుగుపెట్టింది 2003లోనే.

(కాసేపు మౌనం)

తమ్ముడు: అక్కా, ఒకటడగనా. ఈ పుస్తకం మీద ఎపిసోడ్ చేద్దామని నువ్వే పట్టుబట్టావు. ఎందుకు?

అక్క: మనింట్లో పనిచేసే ఆవిడ కొడుకు గుర్తున్నాడా? సంక్రాంతికి నా చరక్ పట్టేవాడు. తెగిన పతంగి కోసం పక్కింటి గోడ ఎక్కమని నేనే పంపాను. పడి మోకాలు చీరుకుంది. అమ్మ అడిగితే, నేను పంపలేదు, వాడే వెళ్ళాడు అన్నాను. వాడూ అవునన్నాడు. వాళ్ళమ్మ అందరి ముందూ వాణ్ణి కొట్టింది. ఇది ఎవరికీ తెలియదు.

తమ్ముడు: నాకు తెలుసు.

అక్క: ఏంటి?

తమ్ముడు: మేడ మెట్ల మీద ఉన్నా. నువ్వు వెళ్ళమనడం విన్నా.

అక్క: ...మరి చెప్పలేదేంరా?

తమ్ముడు: సాయంత్రం నీ పతంగి ఎగరేయనిస్తానన్నావుగా.

(నవ్వుతారు, ఆగిపోతారు)

తమ్ముడు: ఇది ఎడిటింగ్‌లో తీసేయనా?

అక్క: ఉంచు. వాడి పేరు మాత్రం ఎక్కడా రాకుండా చూడు.

తమ్ముడు: పేరు నువ్వు చెప్పలేదక్కా.

అక్క: గుర్తు తెచ్చుకుంటున్నా. ఆపు ముందు.